డైవింగ్ ట్రిప్‌కి బరువులు: చెన్నై నుంచి మోసుకెళ్లాలా, అక్కడే తీసుకోవాలా?

సూటిగా ముందే చెప్పేస్తాను. విమానంలో డైవింగ్‌కి వెళ్తుంటే, నీళ్లలో మునగడానికి ఒంటికి కట్టుకునే సీసం బరువులు మోసుకెళ్లకండి. కారులో వెళ్తుంటే మోసుకెళ్లడంలో అర్థం ఉంది. ఎలా వెళ్లినా సరే, ఖాళీ బెల్టు, ఖాళీ పాకెట్లు, మీకు ఎన్ని కిలోలు కావాలన్న లెక్క మాత్రం మీ దగ్గరే ఉండాలి. సీసం ఏ డైవ్ సెంటర్‌లోనైనా దొరుకుతుంది. మీ ఒంటికి ఎంత సీసం కావాలో అక్కడ ఎవరికీ తెలియదు, మనిషిని చూసి ఒక అంచనా వేస్తారు, అంతే.

చెన్నైలో ఉండే మనవాళ్లకి ఈ ప్రశ్న ఎక్కువగా రావడానికి కారణం ఉంది. పొద్దున మీనంబాక్కంలో ఫ్లైట్ ఎక్కితే రెండు గంటల పైచిలుకులో అండమాన్‌లోని శ్రీ విజయపురంలో, అంటే 2024 దాకా మనం పోర్ట్ బ్లెయిర్ అన్న ఊళ్లో దిగుతాం, అక్కణ్ణుంచి ఫెర్రీలో హ్యావ్‌లాక్ దీవి. ఇంకో వైపు ఈసీఆర్, అంటే తీరం వెంట పోయే ఈస్ట్ కోస్ట్ రోడ్డు పట్టుకుంటే మూడు గంటల్లో పాండిచ్చేరి, డిక్కీలో ఏం వేసుకున్నా అడిగేవాళ్లు లేరు. బెంగళూరులో ఉన్న మన స్నేహితులు రాత్రి రైల్లోనో బస్సులోనో కర్ణాటక తీరంలోని మురుడేశ్వర్ వెళ్లి నేత్రాణి దీవి దగ్గర డైవ్ చేస్తారు. డబ్బులు కాస్త కూడబెట్టుకున్నవాళ్లు మాల్దీవులు, శ్రీలంక. సీసం విషయంలో ఈ నాలుగు ప్రయాణాలకీ జవాబు ఒకటి కాదు.

సామాను లెక్క

మన దేశంలో మామూలు ఎకానమీ టికెట్‌కి చాలావరకు 15 కిలోల చెక్-ఇన్, 7 కిలోల క్యాబిన్ బ్యాగ్ ఇస్తారు. ఇప్పుడు సొంత సామాను ఉన్నవాళ్ల బ్యాగ్ చూడండి. బీసీడీ, అంటే గాలి నింపుతూ తీస్తూ తేలడం, మునగడం సర్దుకునే జాకెట్, 3 కిలోలు, సిలిండర్ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్ సెట్టు గొట్టాలూ గేజీలతో రెండున్నర, ఈతకి కాళ్లకి తొడుక్కునే ఫిన్స్ జత 2, మూడు మిల్లీమీటర్ల మందం ఉన్న డైవింగ్ సూట్, బూటీలు కలిపి 2, మాస్క్, టార్చ్, చేతికి కట్టుకుని లోతూ సమయమూ చూసుకునే డైవ్ కంప్యూటర్ లాంటివి ఒకటిన్నర, వీటన్నిటినీ పెట్టుకునే చక్రాల బ్యాగ్ ఇంకో 3. ఒక్క చొక్కా కూడా పెట్టకుండానే 14 కిలోలు వచ్చేసింది. దీని మీద 5 కిలోల సీసం పెట్టారంటే కౌంటర్ దగ్గర అదనపు బరువు కట్టాల్సిందే, అది కిలోకి కొన్ని వందల రూపాయలు, పోను ఒకసారి, రాను ఒకసారి. అక్కడ ఊరికే ఇచ్చే వస్తువు కోసం ఈ డబ్బు పెట్టడం నాకు ఏ విధంగానూ సరిగ్గా అనిపించదు.

ఊరికే అని ఎందుకన్నానంటే, అండమాన్‌లో అయినా నేత్రాణిలో అయినా మాల్దీవుల్లో అయినా సిలిండర్, బరువులు సాధారణంగా డైవ్ ధరలోనే కలిపి ఉంటాయి. బీసీడీ, రెగ్యులేటర్, సూట్‌కి అద్దె వేరుగా వేసే చోట కూడా బరువులకి వేరుగా వేయడం అరుదు. రాత్రుళ్లు పడవలోనే ఉండి డైవ్ చేసే ట్రిప్పుల్లోనూ అంతే.

డబ్బు ఒక్కటే కాదు, స్కానింగ్ గొడవ కూడా ఉంది. ఎక్స్‌రేలకి అడ్డంగా వాడేదే సీసం, కాబట్టి స్కానర్ తెర మీద అది నల్లటి ముద్దలా కనిపిస్తుంది, దాని వెనక ఏముందో తెలియదు. బ్యాగ్ తెరిచి చూపించమంటారు, అది వాళ్ల పని, తప్పు పట్టడానికి లేదు. అందుకని చెక్-ఇన్ బరువు తగ్గించుకోవడానికి సీసాన్ని క్యాబిన్ బ్యాగ్‌లోకి మార్చే ఆలోచన అసలు వద్దు. బరువైన లోహపు ముద్దని లోపలికి పంపాలా వద్దా అన్నది ఆ పూట సెక్యూరిటీలో ఉన్న అధికారి నిర్ణయం, వద్దంటే అక్కడే వదిలేయాలి. పైగా ఆ 7 కిలోల చోటు రెగ్యులేటర్‌కి, కంప్యూటర్‌కి, మాస్క్‌కి కావాలి. టార్చ్‌కి పెట్టుకున్న విడి లిథియం బ్యాటరీలు ఎలాగూ చెక్-ఇన్‌లో పెట్టకూడదు, వాటికీ చోటు అక్కడే.

ఇంకో మాట, చెక్-ఇన్ బ్యాగ్‌ని ఎవరూ మెల్లగా దించరు. దాంట్లో విడిగా తిరిగే రెండు కిలోల సీసం దిమ్మ ఉంటే పక్కనున్న మాస్క్ అద్దం, గేజ్ ముఖం, ఫిన్ బకిల్ ఏదో ఒకటి దెబ్బతింటుంది. ఎవరైనా తప్పనిసరిగా తీసుకెళ్తుంటే దిమ్మల్ని బూటీల్లో కుక్కి, బ్యాగ్ చక్రాల వైపు అడుగున, సూట్ చుట్టి పెట్టాలి.

మాల్దీవుల్లో దూరపు దీవికి సీప్లేన్ ఎక్కాల్సి వస్తే లెక్క మళ్లీ మారుతుంది. పెద్ద విమానంలో ఎక్కువ ఇచ్చినా సీప్లేన్‌లో సాధారణంగా 20 కిలోల సామాను, 5 కిలోల చేతి సంచి. అండమాన్‌లో ప్రైవేట్ ఫెర్రీలకీ సామాను పరిమితి ఉంటుంది. టికెట్ కొనేటప్పుడు మొదటి ప్రయాణం ఒక్కటే చూడకండి, దారి మొత్తంలో అన్నిటికన్నా తక్కువ బరువు ఒప్పుకునేది ఏదో చూసి దానికి తగ్గట్టు సర్దుకోండి.

కారులో వెళ్లేవాళ్ల సంగతి వేరు

పాండిచ్చేరికి కారులో పోతున్నా, బెంగళూరు నుంచి మురుడేశ్వర్‌కి నలుగురు కలిసి రోడ్డు మీద పోతున్నా, సొంత బరువులు తీసుకెళ్లండి. మీకు అలవాటైన దిమ్మలు, కుట్టేసినట్టు బెల్టు మీద అదే చోట ఉంటాయి, నీళ్లలోకి దిగగానే శరీరం ఎలా నిలుస్తుందో ముందే తెలుసు. వారాంతాల్లో తరచూ వెళ్లేవాళ్లకి ఇది మంచి సుఖం. ఊపిరి బిగబట్టి చేసే ఫ్రీడైవింగ్ వాళ్లకైతే మరీను. వాళ్లకి కావలసినవి చిన్న చిన్న దిమ్మలు, అరకిలోవి, కిలోవి, మెడకి వేసుకునే బరువు. ఇవి స్కూబా సెంటర్లలో అన్ని చోట్లా ఉండవు. ఫ్రీడైవర్ విమానంలో వెళ్లినా కిలో, కిలోన్నర మెడ బరువు పట్టుకెళ్తానంటే నేను వద్దనను.

కొనేటప్పుడు మూడు రకాలు చూపిస్తారు. పూత లేని ఉత్త సీసం దిమ్మ చౌక, కానీ చేతికి బూడిద రంగు మరక అంటుతుంది. ప్లాస్టిక్ పూత ఉన్న దిమ్మ కాస్త ఖరీదు, చేతికీ పడవకీ మంచిది. మూడోది గుడ్డ సంచిలో సీసపు గుళ్లు పోసి కుట్టినది. నడుముకి ఒరుసుకోదు, పాకెట్లో బాగా ఇముడుతుంది. కాకపోతే లోపల ఇసుక, ఉప్పు పట్టి కుట్టు చిరిగితే గుళ్లు రాలతాయి. నన్నడిగితే పూత ఉన్న దిమ్మలే.

ప్యారిస్ కార్నర్ బజారులో పాత సీసం కిలోల లెక్కన కొని, ఇంట్లో కరిగించి, ఇటుక అచ్చులో పోసుకుందామని ఎవరైనా సలహా ఇస్తే దయచేసి వినకండి. సీసం 327 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, వంటింటి గ్యాస్ మీద కూడా కరుగుతుంది కాబట్టే ఇది తేలిక పనిలా కనిపిస్తుంది. దాని పొగ, ధూళి ఒంట్లోకి పోతే మంచిది కాదు. పిల్లల మెదడు ఎదుగుదలకి సీసం చేసే హాని గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఏమిటంటే, ఇంత వరకైతే పర్వాలేదు అనే మోతాదు లేదని. అపార్ట్‌మెంట్ బాల్కనీలో చేసే పని కాదు ఇది.

అక్కడే తీసుకుంటే వచ్చే ఇబ్బందులు

అద్దె బరువులు బాగుంటాయని నేను చెప్పడం లేదు. పొద్దున ఆరున్నరకి జెట్టీ మీద, పన్నెండు మంది ఒకేసారి సర్దుకుంటున్న హడావిడిలో, ఒక క్రేట్‌లో పడేసిన దిమ్మల్లోంచి ఏరుకోవాలి. కిలో దిమ్మలు ముందొచ్చినవాళ్లు తీసుకెళ్లిపోతారు, మిగిలేవి రెండు కిలోలవి. మీకు 5 కావాలి, 6 కట్టుకోమంటారు, లేదంటే 4. గుంపుని నీళ్లలోకి తీసుకెళ్లే డైవ్‌మాస్టర్‌కి అందరూ త్వరగా కిందికి దిగాలి, కాబట్టి కొత్తవాళ్లకి కాస్త ఎక్కువే కట్టడం చాలాచోట్ల అలవాటు. కిలో ఎక్కువైతే ఏమైంది అనుకుంటారు. ఆ కిలోని మోయడానికి బీసీడీలోకి ఇంకో లీటరు గాలి నింపాలి. ఆ గాలి లోతు మారినప్పుడల్లా ఉబ్బుతుంది, నలుగుతుంది, మీరు పైకీ కిందికీ ఊగుతూ సర్దుకుంటూ ఉంటారు. నడుము బరువెక్కి కాళ్లు కిందికి వాలతాయి, ఫిన్స్ వెళ్లి పగడాలకి తగులుతాయి. ఈతకి ఎక్కువ బలం, దాంతో ఎక్కువ గాలి, సిలిండర్ ముందే అయిపోయి పడవెక్కేస్తారు. ఇంత ఖర్చు పెట్టుకుని వెళ్లి పది నిమిషాలు ముందే పైకి రావడం బాధ కాదా.

రెండో ఇబ్బంది బెల్టు. అద్దె బెల్టు ఒకటి పొట్టిగా ఉంటుంది, లేదా రెండు చుట్లు తిరిగేంత పొడుగు. బకిల్ పళ్లు అరిగి జారుతుంది. దిమ్మలు అటూ ఇటూ కదలకుండా పట్టే క్లిప్పులు ఉండవు, నీళ్లలో రెండు దిమ్మలూ ఒకే పక్కకి చేరి మనిషిని ఒరగదోస్తాయి.

మూడోది విదేశాల్లో వస్తుంది. దిమ్మ మీద 4 అని పోతపోసి ఉంటుంది, అది కిలోలా పౌండ్లా అని రాసి ఉండదు. నాలుగు పౌండ్లంటే 1.8 కిలోలు. రెండు రకాలూ ఒకే క్రేట్‌లో కలిసిపోయిన చోట ఈ తేడా పెద్దది. చేత్తో ఎత్తి చూస్తే తెలిసిపోతుంది, కానీ ఎత్తి చూడాలని గుర్తుండాలి.

ఈ ఇబ్బందుల్లో చాలావరకు సీసం మోసుకెళ్లకపోవడం వల్ల వచ్చినవి కావని గమనించండి. బెల్టు, క్లిప్పులు, లెక్క లేకపోవడం వల్ల వచ్చినవే.

ఖాళీగా తీసుకెళ్లండి

అందుకే నా సలహా మధ్యదారి. నైలాన్ బెల్టు, స్టీలు బకిల్, నాలుగు ప్లాస్టిక్ క్లిప్పులు, సిలిండర్ పట్టీకి తగిలించుకునే రెండు చిన్న ఖాళీ పాకెట్లు, మొత్తం కలిపినా కిలో కాదు. ఇవి బ్యాగ్‌లో పడేసుకుని, అక్కడికి వెళ్లాక వాళ్ల సీసంతో నింపుకోండి. మీ బెల్టు మీ నడుముకి సరిపోతుంది, బకిల్ మీకు తెలుసు, దిమ్మలు కదలవు. బెల్టు మరీ పొడుగ్గా ఉంచుకోకండి, సూట్ వేసుకుని దిమ్మలు ఎక్కించాక బకిల్ దాటి జానెడు మిగిలితే చాలు. కోసిన అంచుని కాస్త వేడి చేస్తే పోగులు ఊడవు.

సిలిండర్ పట్టీ పాకెట్ల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇంత తక్కువ ధరకి ఇంత మేలు చేసే వస్తువు డైవింగ్‌లో ఇంకోటి నాకు కనపడలేదు. మొత్తం 5 కిలోలు నడుముకే కట్టుకుంటే కింది భాగం లాగుతుంది. అందులో చెరో కిలో చొప్పున రెండు కిలోలు వీపు పైభాగంలో, సిలిండర్‌కి చెరో పక్కన పెట్టి చూడండి, శరీరం అడ్డంగా, చదునుగా నిలుస్తుంది. కాళ్లు వాలిపోతున్నాయని బాధపడేవాళ్లలో చాలామందికి ఇది సరిపోతుంది. కాకపోతే ఈ పాకెట్లలోవి అవసరం వచ్చినప్పుడు గబుక్కున వదిలేయలేం, కాబట్టి బరువంతా అక్కడ పెట్టకూడదు. వదిలేస్తే ఖాయంగా పైన తేలేంత బరువు చేతికి అందేచోట ఉండాలి.

ఇక బెల్టా, బీసీడీలోనే అమర్చిన పాకెట్లా అన్నది. బీసీడీ పాకెట్లు హాయిగా ఉంటాయి, నడుము సన్నగా ఉండి బెల్టు జారిపోయేవాళ్లకీ, వెన్నునొప్పి ఉన్నవాళ్లకీ అవి మేలు. సొంత బీసీడీ తీసుకెళ్తున్నవాళ్లు వాటిని వాడుకోవచ్చు, ఒక జాగ్రత్తతో. బీసీడీ తీసుకెళ్లి, బయటికి లాగి తీసే ఆ పాకెట్లని ఉతికి ఆరేసిన చోటే ఇంట్లో మర్చిపోవడం చాలా మామూలుగా జరిగే పని, ఆ కంపెనీ పాకెట్ దీవిలో దొరకదు. వాటిని ఆరగానే బీసీడీలో పెట్టి క్లిప్పు వేసేయండి. దిమ్మలు పెట్టాక క్లిక్ శబ్దం వినిపించిందో లేదో చూడండి, ఒకసారి గట్టిగా లాగి చూడండి. పడవ అంచు నుంచి అడుగు ముందుకు వేసి దూకేటప్పుడు ఒక పాకెట్ జారి పడిపోయిందంటే ఒక పక్క రెండు మూడు కిలోలు పోయినట్టే. పైనే జరిగితే నష్టం సీసం ఒక్కటే, పద్దెనిమిది మీటర్ల లోతులో జరిగితే మనిషి అదుపు తప్పి పైకి తేలతాడు, అది ఊపిరితిత్తులకి ప్రమాదం.

అద్దె బీసీడీ వాడేవాళ్లు మాత్రం బెల్టే పెట్టుకోండి. అద్దె బీసీడీ పాకెట్లు ఒక్కో కంపెనీవి ఒక్కోలా ఉంటాయి, ఒకటి వెల్క్రో, ఒకటి బకిల్, ఒకటి లాగే హ్యాండిల్. టెన్షన్‌లో చెయ్యి వెతికేది అలవాటైన చోటనే. బెల్టు ప్రపంచంలో ఎక్కడైనా ఒకటే, కుడిచేత్తో బకిల్ తెరిచి, ఒంటి నుంచి దూరంగా లాగి వదిలేయడం. డైవింగ్ ప్రమాదాలని పరిశీలించే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ ఏళ్ల తరబడి చెబుతున్న విషయం ఒకటుంది, చనిపోయిన డైవర్లలో చాలామంది బరువులు ఒంటి మీద అలాగే ఉండగా దొరికారని. అంటే వదిలేయడం తెలియక కాదు, ఆ క్షణంలో చెయ్యి అటు పోలేదు. అందుకే మీదీ, మీతో జంటగా డైవ్ చేసే బడ్డీదీ ఏది ఎలా ఊడుతుందో నీళ్లలోకి దిగేముందు ఒకరిది ఒకరు ముట్టుకుని చూసుకోండి. దంపతులు కలిసి డైవ్ చేస్తుంటే, నాకు తెలుసులే అని ఇది వదిలేస్తుంటారు, వదలకండి.

నైలాన్ బెల్టుకి ఒక లోపం. పది మీటర్ల లోతుకి వెళ్లేసరికి ఒత్తిడి పైనున్నదానికి రెట్టింపవుతుంది, సూట్‌లోని సన్నని బుడగలు నలిగి సూట్ పల్చబడుతుంది, బెల్టు వదులై పక్కకి తిరుగుతుంది. ఫ్రీడైవర్లు వాడే సాగే రబ్బరు బెల్టు అలా కాదు, సూట్‌తో పాటే బిగుస్తుంది. ధర ఎక్కువైనా, తరచూ వెళ్లేవాళ్లు అది తీసుకోవడం మంచిది.

సీసం అవసరాన్నే తగ్గించుకోవడం

మనం అసలు బరువు కట్టుకునేది ప్రధానంగా సూట్ తేలిపోకుండా, చివర్లో ఖాళీ అయ్యే సిలిండర్ పైకి లాగకుండా. మన దగ్గర ఎక్కువగా ఇచ్చేది 11 లీటర్ల అల్యూమినియం సిలిండర్. నిండుగా ఉన్నప్పుడు అది కాస్త మునుగుతుంది, ఖాళీ అయ్యేసరికి దాదాపు 2 కిలోలు పైకి లాగుతుంది, ఎందుకంటే అందులో నింపిన గాలి బరువే రెండున్నర కిలోల పైన. స్టీలు సిలిండర్ ఇచ్చే చోట ఈ బాధ తక్కువ, సీసం రెండు కిలోల దాకా తగ్గించుకోవచ్చు. అందుకే సిలిండర్ ఏ రకమో ముందే అడగాలి.

సూట్ సంగతి ఇంకా ముఖ్యం. అండమాన్ నీళ్లు 27 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటాయి, అక్కడికి 5 మిల్లీమీటర్ల సూట్ తీసుకెళ్తే సూట్ బరువుకి సూట్ బరువు, దాన్ని ముంచడానికి అదనపు సీసం. త్వరగా చలివేసే ఒళ్లు కాకపోతే 3 మిల్లీమీటర్లది చాలు. కొత్త సూట్ పాతదానికన్నా ఎక్కువ తేలుతుంది, కాబట్టి సూట్ మార్చినప్పుడల్లా లెక్క మళ్లీ చూసుకోవాలి.

జాకెట్ బదులు వీపుకి తగిలించుకునే స్టీలు పలక, అంటే బ్యాక్‌ప్లేట్, వాడేవాళ్లు ఉన్నారు, అది రెండున్నర కిలోల పైన ఉంటుంది, ఆ మేరకు సీసం తగ్గుతుంది. ఎలాగూ బీసీడీ మొయ్యాలి కదా, దాని బదులు ఇది మోస్తే సీసం కూడా కలిసొస్తుందన్నది వాళ్ల వాదన, అందులో నిజం ఉంది. 3 మిల్లీమీటర్ల సూట్‌లో 4 కిలోలు వాడేవాళ్లకి ప్లేట్ వేసుకుంటే ఒక కిలో, కిలోన్నర దిమ్మ సరిపోతుంది. అయితే విమానంలో 15 కిలోలే ఇచ్చే మన ప్రయాణాలకి తేలికపాటి ట్రావెల్ బీసీడీ, అక్కడి సీసం అన్న జంటే నాకు నచ్చుతుంది.

ఖాళీ సంచులు తీసుకెళ్లి అక్కడ ఇసుకో రాళ్లో నింపుకుంటే సరిపోదా అని అడిగేవాళ్లున్నారు. సరిపోదు. సీసం సాంద్రత నీటికి 11 రెట్ల పైన, కాబట్టి కిలో సీసం సముద్రంలో 910 గ్రాముల పని చేస్తుంది. ఇసుక రేణువు సాంద్రత నీటికి రెండున్నర రెట్ల పైన, కిలో ఇసుక చేసే పని 610 గ్రాములు. 4 కిలోల సీసం బదులు 6 కిలోల ఇసుక కావాలి, మూడున్నర లీటర్ల పైన సంచి కావాలి, అంత సంచి నడుము చుట్టూ కట్టుకుని ఈదడం కుదరదు. తీరంలో ఏరే రాళ్లలో పగడపు ముక్కలు కలిసి ఉంటాయి, పగడాలకి మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం కింద రక్షణ ఉంది. ఈ దారి వదిలేయండి.

మీ లెక్క మీ దగ్గర

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. చెన్నైలో, బెంగళూరులో మనలో ఎక్కువమంది నేర్చుకునేది ఈతకొలనులో. అక్కడ 2 కిలోలతో బాగా మునిగాం కాబట్టి సముద్రంలోనూ 2 చాలనుకోకూడదు. సముద్రపు నీరు మంచినీటికన్నా రెండున్నర శాతం బరువు. మీరు 70 కిలోలు, సిలిండర్‌తో సహా సామాను 25 అనుకుంటే మొత్తం 95, దాంట్లో రెండున్నర శాతమంటే 2.4 కిలోలు. అంటే అదే సూట్, అదే సిలిండర్‌తో కొలనులో 2 సరిపోతే సముద్రంలో నాలుగున్నర దగ్గర మొదలుపెట్టాలి. ఈ ఒక్క లెక్క తెలిస్తే మొదటి రోజు దిగలేక పైనే తన్నుకునే బాధ తప్పుతుంది.

మొదటి డైవ్‌కి ముందు పరీక్ష ఇలా చేయండి. సామానంతా వేసుకుని, రెగ్యులేటర్ నోట్లో పెట్టుకుని, నిటారుగా, కాళ్లు కదపకుండా నీళ్లలో ఉండి బీసీడీ పూర్తిగా ఖాళీ చేయండి. మామూలుగా ఊపిరి పీల్చి పట్టుకుంటే నీటి మట్టం కళ్ల దగ్గర ఉండాలి, వదిలితే మెల్లగా మునగాలి. నిండు సిలిండర్‌తో చేస్తే దీని మీద 2 కిలోలు కలపండి, చివరికి గాలి అయిపోయే లెక్కకి. ఇంకా నమ్మకమైనది డైవ్ చివర చేసే పరీక్ష. సిలిండర్‌లో 50 బార్ ఒత్తిడి గాలి మిగిలి ఉండగా, పైకి వచ్చే ముందు 5 మీటర్ల లోతులో కాసేపు ఆగే సేఫ్టీ స్టాప్‌లో, బీసీడీలో దాదాపు గాలి లేకుండా కదలకుండా నిలవగలిగితే అదే మీ అంకె. అక్కడ కూడా బీసీడీలో గాలి ఉంచాల్సి వస్తోందంటే రేపు ఒక కిలో తీసేయండి.

ఆ అంకెని ఒంటరిగా రాసుకోకండి. ఏ సూట్, ఏ సిలిండర్, ఉప్పునీళ్లా మంచినీళ్లా, మీ బరువు ఎంత, ఎక్కడెక్కడ ఎన్ని కిలోలు పెట్టారు, చివర్లో ఎలా అనిపించింది, ఇవన్నీ డైవ్‌ల వివరాలు రాసుకునే లాగ్‌బుక్‌లో ఒక్క వరుసలో రాయండి, దాన్ని ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. అప్పుడు జెట్టీ మీద డైవ్‌మాస్టర్ ఎంత కావాలి అంటే, నడుముకి మూడు, వీపుకి రెండు, అల్యూమినియం సిలిండర్ అయితే, అని చెప్పగలుగుతారు. అలా చెప్పిన మనిషికి ఎవరూ ఊరికే ఇంకో రెండు కిలోలు తగిలించరు. అయినా మొదటి డైవ్‌కి ఒక కిలో విడిగా పడవలో ఉంచమనండి, అవసరమైతే అందిస్తారు.

సీసం ముట్టుకున్న చేతుల్తో పడవలో ఇచ్చే సమోసా తినకండి, సబ్బుతో కడుక్కోండి. పిల్లలు ఉన్న ఇంట్లో దిమ్మలు ఆడుకునే చోట ఉండకూడదు, సూట్‌తో కలిపి బకెట్లో నానబెట్టకూడదు. బెల్టు పడవలోకి అందించేటప్పుడు బకిల్ లేని చివర పట్టుకోకుండా ఉంటే దిమ్మలు జారి కింద ఉన్నవాళ్ల మీద పడతాయి, అందుకని ఎప్పుడూ ఆ చివరనే పట్టుకుని బకిల్ కిందికి వేలాడేలా ఇవ్వండి.

టికెట్ కొన్నాక సర్దడం మొదలుపెట్టే ముందు డైవ్ సెంటర్‌కి ఒక వాట్సాప్ మెసేజ్ పెట్టండి. సిలిండర్ అల్యూమినియమా స్టీలా, బరువులు డైవ్ ధరలో కలిసి ఉన్నాయా, కిలో దిమ్మలు నాలుగైదు నాకోసం పక్కన పెట్టగలరా, మీ దిమ్మలు రెండంగుళాల బెల్టులో దూరతాయా, అంకెలు కిలోలేనా. సరిగ్గా జవాబిస్తే బ్యాగ్‌లో ఖాళీ బెల్టు, ఖాళీ పాకెట్లు పెట్టుకుని బయల్దేరండి. కిలో దిమ్మలు లేవు, అన్నీ రెండు కిలోలవే అన్నారంటే మాత్రం ఒక్క దిమ్మ, పూత ఉన్న కిలోది, మీ చెక్-ఇన్‌లో వేసుకోండి. విమానంలో వెళ్లేవాళ్లకి నేను ఒప్పుకునే సీసం అంతవరకే.